జియోలైట్‌లో లోహ అయాన్ ఎక్కడ కూర్చుంది? ముందు నీళ్ల సంగతి చెప్పండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. సోడియం-వై జియోలైట్‌ని (సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ల గోడలతో, లోపల సూక్ష్మమైన గదులతో ఉండే పొడి) కాపర్ నైట్రేట్ ద్రావణంలో 80 డిగ్రీల దగ్గర మూడుసార్లు ఎక్స్‌ఛేంజ్ చేశారు, అంటే సోడియం అయాన్ల చోట కాపర్ అయాన్లను ఎక్కించారు. సోడియంలో 80 శాతం పోయి ఆ మేరకు కాపర్ వచ్చిందని మూలకాల మోతాదు కొలిచే ఐసీపీ పరీక్షలో తేలింది. ఎక్స్-రే డిఫ్రాక్షన్‌లో (ఎక్స్‌ఆర్‌డీ) పీకులు మాత్రం అంగుళం కదల్లేదు. పేపర్‌లో "కాపర్ అయాన్లు సూపర్‌కేజ్‌లో ఉన్నాయి" అని రాస్తే (సూపర్‌కేజ్ అంటే జియోలైట్‌లోని పెద్ద గది), పేపర్‌ని పరిశీలించిన రిఫరీ "ఏ ఆధారంతో?" అని తిప్పి పంపాడు. అసలు కాపర్ ఎక్కడుంది, ఇప్పుడేం రాయాలి అని అడుగుతున్నారు.

(సార్ అని మొదలుపెట్టారు గానీ, నేను మేడమ్‌ని. ఫరవాలేదు, ఈ రంగంలో అలవాటైపోయింది.)

సూటిగా జవాబు: తడి శాంపిల్‌లో అయితే కాపర్‌లో ఎక్కువ భాగం సూపర్‌కేజ్‌లోనే, చుట్టూ నీటి అణువులతో, ఒకచోట నిలవకుండా తిరుగుతూ ఉంటుంది. అదే శాంపిల్‌ని 400 డిగ్రీల దగ్గర బాగా ఆరబెడితే ఎక్కువ భాగం సోడలైట్ కేజ్ అనే చిన్న గదిలోకి వెళ్లి, సైట్ 1′ అనే చోట, మూడు ఫ్రేమ్‌వర్క్ (గోడల) ఆక్సిజన్లను పట్టుకుని కూర్చుంటుంది. కొంత సైట్ 1లో, కొంత సైట్ 2లో దొరుకుతుంది (ఈ పేర్ల సంగతి కింద చెప్తాను). కాబట్టి "ఎక్కడుంది" అన్న ప్రశ్నకి నీళ్లున్నాయా లేవా అన్నది చెప్పకుండా జవాబు లేదు. మీరు ఏ స్థితిలో కొలిచారో చెప్పలేదు, రిఫరీ పట్టుకున్నది అక్కడే. ఆయన్ని తిట్టుకోకండి, సరైన చోటే వేలు పెట్టాడు.

ఇప్పుడు కారణాలు. ఫోజసైట్ నిర్మాణాన్ని (ఎక్స్, వై రెండూ అదే కుటుంబం) పాతకాలపు ఇంటిలా ఊహించుకోండి. పెద్ద హాలు సూపర్‌కేజ్. దాని గుమ్మం 7.4 ఆంగ్‌స్ట్రామ్‌లు (సెంటీమీటర్‌లో పది కోట్లో వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్), బెంజీన్ లాంటివి కూడా దర్జాగా వచ్చిపోతాయి. లోపలి గది సోడలైట్ కేజ్. ఆ గది గుమ్మం ఆరు సిలికాన్-అల్యూమినియం కణాలు, ఆరు ఆక్సిజన్లు కలిసిన వలయం. ల్యాబ్‌లో అందరం సిక్స్-రింగ్ అనే అంటాం. దాని సందు రెండున్నర ఆంగ్‌స్ట్రామ్‌లకు మించదు. రెండు లోపలి గదుల మధ్య ఇరుకు సందు ఒకటుంటుంది, అదే హెక్సాగొనల్ ప్రిజం.

సైట్ల పేర్లు ఇక తేలిక. ప్రిజం నట్టనడుమ సైట్ 1. దాన్నుంచి సోడలైట్ కేజ్ వైపు జరిగితే సైట్ 1′. సోడలైట్ కేజ్‌కీ సూపర్‌కేజ్‌కీ మధ్య ఉన్న సిక్స్-రింగ్ దగ్గర, హాలు వైపు సైట్ 2, గది వైపు సైట్ 2′. హాలు గోడల మీద, నాలుగు సభ్యుల వలయాల దగ్గర సైట్ 3. ఒక యూనిట్ సెల్‌లో (నిర్మాణంలో పదేపదే వచ్చే ఒక పెట్టెలో) సైట్ 1లు 16, సైట్ 1′లు 32, సైట్ 2లు 32, సైట్ 2′లు 32, సైట్ 3లు 48. కుర్చీలు ఇన్ని ఉన్నా కూర్చునే వాళ్లు తక్కువ. సిలికాన్-అల్యూమినియం నిష్పత్తి 2.5 ఉన్న వై జియోలైట్‌లో యూనిట్ సెల్‌కి అల్యూమినియం 55 వరకు ఉంటుంది, అంటే సోడియం కూడా అంతే. ఒక్కో కాపర్ రెండు సోడియంల బదులు వస్తుంది కాబట్టి మీ 80 శాతం లెక్కేస్తే 22 కాపర్లు, 11 సోడియంలు మిగిలాయి. ఇది కాగితం మీద ఒకసారి వేసుకోండి, తర్వాత పనికొస్తుంది.

నీటితో ఉన్న రెండు చార్జీల లోహ అయాన్, నెత్తిన బియ్యం బస్తా పెట్టుకున్న మనిషి లాంటిది. ఆరు నీటి అణువులతో కలిపి దాని అడ్డుకొలత ఏడు ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఉంటుంది. హాల్లోకి వస్తుంది, లోపలి గది తలుపులోంచి దూరదు. బస్తా దించితేనే లోపలికి. బస్తా దించడం అంటే నీళ్లు వదలడం, దానికి వేడి కావాలి.

ఇందుకు పుస్తకాల్లో ఉన్న మంచి సాక్ష్యం లాంథనం. గది వేడిమి దగ్గర సోడియం-వైని లాంథనంతో ఎన్నిసార్లు ఎక్స్‌ఛేంజ్ చేసినా సుమారు 68 శాతం దగ్గర ఆగిపోతుంది. ఎందుకు 68? యూనిట్ సెల్‌లో లోపలి గదుల్లో, సందుల్లో ఉన్న సోడియంలు 16 దాకా ఉంటాయి. అల్యూమినియం మీదానికన్నా కాస్త తక్కువున్న వైలో మొత్తం 50 చొప్పున తీసుకుంటే 16 అంటే 32 శాతం. ఆ 16 జోలికి లాంథనం పోలేదు, ఎందుకంటే తన నీటి మూటతో తలుపు దాటలేదు. సోడియం ఎక్కువుండే ఎక్స్ జియోలైట్‌లో అదే 16 లెక్క వల్ల పరిమితి 80 పైకి పోతుంది. సంఖ్యలు మారినా లోపలుండిపోయే 16 మారదు. నేను మొదటిసారి ఈ లెక్క వేసుకున్న రోజు చాలా తృప్తిగా అనిపించింది, ఇప్పటికీ క్లాసులో ఇదే చెప్తాను.

తర్వాత దాన్ని కాల్సిన్ చేస్తే, అంటే బాగా వేడి చేస్తే, లాంథనం నీళ్లు వదిలి సోడలైట్ కేజ్‌లోకి వెళ్లి, సైట్ 1′ దగ్గర ఆక్సిజన్, హైడ్రాక్సిల్ వంతెనలతో బిగుసుకుపోతుంది. మళ్లీ నీళ్లు తగిలినా తేలిగ్గా బయటికి రాదు. విశాఖ రిఫైనరీతో సహా చాలా రిఫైనరీల్లో బరువైన చమురుని పెట్రోలుగా విరగ్గొట్టే ఎఫ్‌సీసీ యూనిట్లు నడుస్తున్నాయి, వాటి కెటలిస్టుల్లో వై జియోలైట్‌కి లాంథనం లాంటి రేర్ ఎర్త్‌లు ఎక్కించేది ఇందుకే. కెటలిస్టు మీది మసిని కాల్చే రీజనరేటర్‌లో ఆవిరి, వేడి కలిసి ఫ్రేమ్‌వర్క్‌లోంచి అల్యూమినియంని పీకేస్తుంటే, లోపలి గదిలో బిగిసి కూర్చున్న లాంథనం దాన్ని ఆపుతుంది. ఎక్కడ కూర్చుందన్నది ఇక్కడ టన్నుల పెట్రోలు లెక్క.

నీళ్లు పోయాక అయాన్ సిక్స్-రింగ్‌నే ఎందుకు వెతుక్కుంటుంది? ఒంటిమీద బట్టలు పోయినవాడు దుప్పటి వెతుక్కున్నట్టే. చుట్టూ ఉన్న ఆరు నీటి ఆక్సిజన్లు పోయాయి, వాటి బదులు ఏవో ఆక్సిజన్లు కావాలి. సిక్స్-రింగ్ లోపలికి తిరిగిన ఆక్సిజన్లు మూడు దొరుకుతాయి, కాపర్ అయితే దాదాపు 2 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో. ప్రిజం నడుమ అయితే ఆరు దొరుకుతాయి, కానీ కాస్త దూరంగా. ఇక్కడే ఒక్కో లోహం గుణం బయటపడుతుంది. నికెల్‌కి ఆరు ఆక్సిజన్ల అష్టముఖి ఇష్టం, అందుకని ఆరిన వై జియోలైట్‌లో అది సైట్ 1ని ఎంచుకుంటుంది. కాల్షియం కూడా అంతే. కాపర్‌కి ఆరు సమాన దూరాలు పడవు, జాన్-టెల్లర్ ప్రభావం (ఆరు బంధాల్లో కొన్ని సాగిపోవడం) సంగతి మీకు తెలిసిందే. అది సైట్ 1′ వైపు మొగ్గుతుంది. అందుకే "నికెల్ పేపర్‌లో ఇలా ఉంది కాబట్టి కాపర్ కూడా" అని రాయకండి. నా దగ్గరికి వచ్చే ముసాయిదాల్లో ఈ పొరపాటు తరచూ కనిపిస్తుంది.

ఇంకో నియమం, ఇది బాగా పనికొచ్చేది. సైట్ 1కీ దాని పక్కనున్న సైట్ 1′కీ మధ్య దూరం మూడు ఆంగ్‌స్ట్రామ్‌ల లోపే. రెండు చార్జీలున్న రెండు అయాన్లు అంత దగ్గరగా కూర్చోవు. ఒక సైట్ 1 నిండితే దాని రెండు వైపులా ఉన్న రెండు సైట్ 1′లు ఖాళీగా ఉండాలి. అంటే సైట్ 1లో ఉన్న వాటి రెట్టింపుకి సైట్ 1′లో ఉన్నవి కలిపితే 32 దాటకూడదు. రీట్‌వెల్డ్ (ఎక్స్‌ఆర్‌డీ ప్యాటర్న్‌కి నిర్మాణ నమూనాని సరిపోల్చి అయాన్ల చోట్లు తేల్చే లెక్క) ఫలితం చేతికి రాగానే నేను మొదట చూసేది ఫిట్ ఎంత బాగుందో చెప్పే ఆర్-ఫ్యాక్టర్ కాదు, ఈ కూడిక. ఒకసారి ఓ విద్యార్థి సైట్ 1లో 12, సైట్ 1′లో 18 తెచ్చాడు. 24 కి 18 కలిపితే 42. ఫిట్ చూడ్డానికి అందంగా ఉంది, అర్థం లేదు. అతను ఒక సైట్‌లో కాపర్‌తో పాటు ఆక్సిజన్ కూడా ఉండొచ్చని పెట్టలేదు, ఆ ఎలక్ట్రాన్లన్నీ కాపర్ ఖాతాలో పడ్డాయి.

ఇక మీ ఎక్స్‌ఆర్‌డీ సంగతి. పీకుల స్థానాలు కదలకపోవడం సహజం. అవి చెప్పేది గోడల గురించి, గోడలు మారలేదు. అయాన్లు ఎక్కడున్నాయో చెప్పేది పీకుల ఎత్తు. మామూలు కాపర్ కె-ఆల్ఫా రేడియేషన్‌తో 10.1 డిగ్రీల దగ్గర 220, 11.9 దగ్గర 311, 15.6 దగ్గర 331 అనే పేర్లున్న పీకులుంటాయి. సోడియం-వైలో 331 పెద్దది, తర్వాత 220, తర్వాత 311. అయాన్లు సైట్ 1′, సైట్ 2 వైపు సర్దుకుంటే 220 తగ్గి 311 పెరిగి, రెండూ తలకిందులవుతాయి. మీ పాత ప్యాటర్న్ తీసి ఈ మూడింటిని కొలవండి. ఇది మొదటి వాసన మాత్రమే, రుజువు అనుకోకండి. పెద్ద కాంప్లెక్స్‌లు సూపర్‌కేజ్‌లో తయారైనప్పుడు కూడా ఇదే తలకిందులు కనిపిస్తుంది.

కానీ ఆ ప్యాటర్న్‌ని మామూలు గాజు హోల్డర్‌లో, గదిలో గాలి తగులుతూ తీసి ఉంటారు, అవునా? అయితే అది తడి శాంపిల్ ప్యాటర్నే. ఓవెన్‌లో పెట్టి తీశామన్నా సరే. వై జియోలైట్ తన బరువులో పాతిక శాతం దాకా నీళ్లు పీల్చుకుంటుంది. ఇది కళ్లారా చూడాలంటే కోబాల్ట్ ఎక్స్‌ఛేంజ్ చేసి చూడండి. తడిగా ఉన్నప్పుడు లేత గులాబీ రంగు. 400 డిగ్రీల దగ్గర ఆరబెడితే ముదురు నీలం, సిరా బుడ్డి రంగు. నేను పీహెచ్‌డీ చేసే రోజుల్లో ఫర్నేస్ కింది అంతస్తులో, ఎక్స్‌ఆర్‌డీ పై అంతస్తులో ఉండేవి. జూలై నెల, వాన ముసురు. పింగాణీ బోటులో నీలంగా ఉన్న పొడిని పట్టుకుని మెట్లెక్కుతుంటే, రెండో మలుపు దగ్గరికొచ్చేసరికి అంచుల్లో గులాబీ కమ్ముకోవడం మొదలైంది. పైకి చేరేసరికి మధ్యలో రూపాయి బిళ్లంత నీలం మిగిలింది. అప్పటిదాకా నేను "డీహైడ్రేటెడ్" అని లేబుల్ రాసిన శాంపిళ్లన్నీ ఏమయ్యుంటాయో తలుచుకుంటే చెమటలు పట్టాయి. కోబాల్ట్ రంగు మార్చి చెప్తుంది, కాపర్ అంత ముఖం మీద చెప్పదు, మీరే జాగ్రత్తపడాలి.

కాబట్టి ఆరిన స్థితి గురించి రాయాలంటే, ఆరబెట్టిన చోటే కొలవాలి, లేదా సీల్ చేసిన కేపిలరీలో (సన్నని గాజు గొట్టంలో) కొలవాలి. ఇందులోనూ నేను దెబ్బతిన్నాను. నికెల్-వై శాంపిల్‌ని గాజు కేపిలరీలో పోసి మూతిని మైనంతో మూశాను. గాజునే కరిగించి మూయడానికి టార్చ్ పట్టుకునే ధైర్యం అప్పట్లో లేదు. డేటా తీసి రిఫైన్ చేస్తే సోడలైట్ కేజ్‌లో సైట్ 2′ దగ్గర చక్కటి ఎలక్ట్రాన్ గుట్ట కనిపించింది. సోడియం అని పెట్టాను, ఫిట్ దిగింది. "కొత్త విషయం కనిపెట్టాం" అని గైడ్‌కి చూపించాను. ఆయన టీ తాగుతూ "అమ్మా, సోడియం అయాన్‌లో ఎన్ని ఎలక్ట్రాన్లు?" అన్నారు. పది. "నీటి అణువులో?" పది. ఆ తర్వాత ఆయన ఏమీ అనలేదు. మైనం గుండా తేమ దూరింది, నేను నీళ్లకి సోడియం అని పేరు పెట్టాను.

ఈ పది సంగతి ఎంత ముఖ్యమో కొంచెం ఆగి చెప్పాలి. ఎక్స్-రే చూసేది ఎలక్ట్రాన్లను. సోడియం అయాన్, మెగ్నీషియం అయాన్, నీరు, ఆక్సైడ్, అన్నీ పదే. పొటాషియం, కాల్షియం అయాన్లు రెండూ పద్దెనిమిదే. గోడల్లో ఉన్న అల్యూమినియం, సిలికాన్ కూడా ఎక్స్-రేకి దాదాపు కవల పిల్లలే. లిథియం అయాన్‌లో రెండే ఎలక్ట్రాన్లు, బరువైన గోడల పక్కన అది కనిపించనట్టే లెక్క. దీనికి తోడు సైట్లు సగం సగం నిండుతాయి. ఒక సైట్‌లో ఎంత భాగం నిండిందన్న సంఖ్యా, ఆ అణువు ఎంత ఊగుతోందన్న సంఖ్యా రిఫైన్‌మెంట్‌లో ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడతాయి. ఒకటి పెరిగితే రెండోది సర్దుకుంటుంది, ఫిట్ మాత్రం చెక్కు చెదరదు. అందుకే ఎక్స్-రేతో వచ్చిన ప్రతి సంఖ్యనీ దూరాలతో సరిచూడాలి. కాపర్ అని పెట్టిన చోటునుంచి గోడ ఆక్సిజన్ 2.6 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో ఉంటే అది కాపర్ కాదు, సోడియమో నీరో.

మీ విషయంలో అదృష్టం ఏంటంటే కాపర్‌లో ఎలక్ట్రాన్లు 27. సోడియంతో కలగలవదు. అందువల్ల మామూలు ల్యాబ్ డిఫ్రాక్టోమీటర్‌తో, మంచి సీల్ ఉన్న కేపిలరీతో కూడా గౌరవంగా చెప్పదగిన ఫలితం తేవచ్చు. సింక్రోట్రాన్ (చాలా బలమైన ఎక్స్-రేలిచ్చే యంత్రం) కావాలనుకుంటే ఇందోర్‌లో ఇండస్-2 ఉంది, పౌడర్ డిఫ్రాక్షన్‌కీ ఎక్సాఫ్స్‌కీ (ఒక అణువు చుట్టూ పొరుగు అణువులు ఎన్ని, ఎంత దూరంలో ఉన్నాయో చెప్పే పద్ధతి) బీమ్‌లైన్లున్నాయి. ప్రపోజల్ పెట్టి వంతు కోసం ఆగాలి. ఎక్సాఫ్స్ చేస్తే ఒక్కటి గుర్తుంచుకోండి: అది సగటు చెప్తుంది. మీ కాపర్‌లో డెబ్బై శాతం మూడు ఆక్సిజన్లతో, ముప్ఫై శాతం నాలుగింటితో ఉంటే, 3.3 వస్తుంది. 3.3 ఆక్సిజన్లున్న సైట్ ఎక్కడా లేదు.

ఈ గొడవంతా మీ పేపర్‌కి ఎందుకంటారేమో, లిథియం కథ ఒకటి చెప్పనివ్వండి. 2021 మేలో ఆక్సిజన్ ప్లాంట్ల కోసం మన దేశంలో విమానాల్లో జియోలైట్ దిగింది, గుర్తుందా? ఆక్సిజన్ ప్లాంట్లలో, ఇళ్లలో వాడే కాన్సన్‌ట్రేటర్లలో గాలిలోని నైట్రోజన్‌ని పట్టుకునేది ఎక్కువగా లిథియం ఎక్కించిన తక్కువ సిలికా ఎక్స్ జియోలైట్. అందులో సిలికాన్, అల్యూమినియం సమానం, యూనిట్ సెల్‌కి 96 అయాన్లు. సోడియంని లిథియంతో మార్చుకుంటూ పోతే నైట్రోజన్ పట్టే శక్తి మొదట్లో పెద్దగా పెరగదు. మూడింట రెండు వంతులు దాటాకే ఒక్కసారిగా లేస్తుంది. కారణం పూర్తిగా కుర్చీల లెక్క. మొదటి 32 లిథియంలు సైట్ 1′కి పోతాయి, నైట్రోజన్ అక్కడికి చేరలేదు. తర్వాతి 32 సైట్ 2కి పోతాయి. అవి హాలు వైపే ఉన్నా, లిథియం మరీ చిన్నది కాబట్టి సిక్స్-రింగ్ ఆక్సిజన్ల మధ్య లోతుగా దిగిపోతుంది, నైట్రోజన్‌కి అందదు. 64 నిండాక మిగిలిన 32 మాత్రమే సైట్ 3లో, హాల్లో అందుబాటులో కూర్చుంటాయి. పని చేసేవి అవే. మూడింట రెండొంతుల ఖరీదైన లిథియం కనపడని చోట కూర్చుంటేనే మిగతా వంతు పని చేస్తుందన్నమాట. అందుకే ఫ్యాక్టరీలు 95 శాతం పైన ఎక్స్‌ఛేంజ్ కోసం తిప్పలు పడతాయి. న్యూట్రాన్‌తో చూస్తే లిథియం నెగెటివ్ గుంటలా కనిపిస్తుంది, ఎక్స్-రేలో దొరకనిది అక్కడ దొరుకుతుంది. ఈ చిత్రం తేటపడడంలో న్యూట్రాన్ డేటా పాత్ర పెద్దది.

జియోలైట్-ఏలో ఇంకా సులువైన ఉదాహరణ ఉంది. చిన్న సెల్‌లో 12 సోడియంలు: 8 సిక్స్-రింగ్‌ల దగ్గర, 3 ఎనిమిది సభ్యుల కిటికీల్లో, 1 ఎక్కడో గోడ పక్కన. కిటికీల్లో సోడియం అడ్డంగా కూర్చుంటుంది కాబట్టి సందు దాదాపు 4 ఆంగ్‌స్ట్రామ్‌లే, అదే 4ఏ. ఎనిమిది సోడియంలు పోయి నాలుగు కాల్షియంలు వస్తే మొత్తం అయాన్లు ఎనిమిదే మిగులుతాయి, ఎనిమిదీ సిక్స్-రింగ్‌ల దగ్గర సర్దుకుంటాయి, కిటికీలన్నీ ఖాళీ. అదే 5ఏ. పొటాషియం వస్తే కిటికీ ఇంకా మూసుకుని 3ఏ. మన షెల్ఫుల్లో ఉండే ఆ మూడు డబ్బాలకీ తేడా ఎవరు ఏ కుర్చీలో ఉన్నారన్నదే.

ఇప్పుడు మీ కాపర్‌కి సంబంధించి రెండు హెచ్చరికలు.

మొదటిది, కాపర్ ఒకసారి కూర్చుంటే అక్కడే ఉంటుందని అనుకోకండి. మీరు కెటలిసిస్ చేస్తున్నట్టున్నారు. ఆరిన కాపర్-వైలోకి అమ్మోనియా గానీ పిరిడిన్ గానీ పంపితే, లోపలి గదిలో ఉన్న కాపర్ వాటిని పట్టుకుని సూపర్‌కేజ్‌లోకి బయటికొస్తుంది. దుప్పటి కన్నా మంచి బట్టలు దొరికాయి కదా. అంటే మీ రియాక్షన్‌లో అమైన్ (అమ్మోనియా జాతి పదార్థం) ఉంటే, ఆరిన శాంపిల్ మీద చేసిన రీట్‌వెల్డ్ రియాక్షన్ గురించి నేరుగా ఏమీ చెప్పదు. ఇవాళ దీనికి పెద్ద ఉదాహరణ డీజిల్ బళ్ల పొగ గొట్టంలో ఉంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక లారీల్లో యూరియా ద్రావణం పోస్తున్నారు కదా, ఆ వ్యవస్థల్లో కాపర్ ఎక్కించిన ఎస్ఎస్‌జెడ్-13 అనే చాబజైట్ రకం జియోలైట్‌ని విరివిగా వాడతారు. ఆరినప్పుడు అందులో కాపర్‌కి రెండు రకాల చోట్లు. ఒకే సిక్స్-రింగ్‌లో అల్యూమినియంలు రెండుంటే రెండు చార్జీల కాపర్ అక్కడ స్థిరంగా కూర్చుంటుంది. ఒక్క అల్యూమినియమే ఉంటే కాపర్ ఒక హైడ్రాక్సిల్‌ని వెంటపెట్టుకుని ఎనిమిది సభ్యుల వలయం దగ్గర కూర్చుంటుంది. హైడ్రోజన్‌లో వేడి చేస్తే ఈ రెండోది ముందు రెడ్యూస్ అవుతుంది, మొదటిది చాలా వేడిమి తర్వాత. ఆవిరిలో ముసలిదయ్యేకొద్దీ రెండోదే ముందు పాడై ఆక్సైడ్ ముద్దలవుతుంది. కానీ 250 డిగ్రీల లోపు, అమ్మోనియా ఉన్నప్పుడు, కాపర్ ఈ చోట్లు రెండూ వదిలేసి రెండు అమ్మోనియాలతో కలిసి కేజ్‌లలో తిరుగుతుంది. సైట్ల పేర్లు అక్కడ పెద్దగా పనికిరావు. మీ వై జియోలైట్‌లో కూడా ఇలాంటిదే జరగొచ్చని రిఫరీ మనసులో ఉండి ఉంటుంది.

రెండోది, మీ ఐసీపీ చెప్పే కాపర్ అంతా అయానే అని నమ్మకం ఏంటి? సోడియంకి కాపర్‌ని రెట్టింపు చేసి కలిపి అల్యూమినియంతో భాగించండి. ఒకటి వస్తే సంతోషం. ఒకటి కన్నా బాగా తక్కువైతే ప్రోటాన్లు చేరాయని, అంటే మీ ద్రావణం ఆమ్లంగా ఉందని. ఒకటి దాటితే కాపర్ హైడ్రాక్సిల్‌తో ఎక్కిందనో, హైడ్రాక్సైడ్‌గా పైన పేరుకుందనో అర్థం. మేం ఒకసారి కాపర్ అసిటేట్ వాడాం, నిష్పత్తి 1.15 వచ్చింది. "బాగా ఎక్కింది" అని సంబరపడ్డాం. కాల్సిన్ చేశాక పొడి బూడిద రంగులోకి తిరిగింది, అది కాపర్ ఆక్సైడ్ నలుపు. మీది నైట్రేట్ కాబట్టి ఆ ప్రమాదం తక్కువే, అయినా ఎక్స్‌ఛేంజ్ తర్వాత పీహెచ్ ఎంతుందో నోట్‌బుక్‌లో చూడండి. బరువు శాతాలతో లెక్క వేయకండి. తూకం వేసినప్పుడు పొడిలో ఎన్ని నీళ్లున్నాయో దేవుడికే తెలుసు, అల్యూమినియంతో నిష్పత్తులు మాత్రం నీళ్లని బట్టి మారవు.

ఇంకో చిన్న ముచ్చట. ఆరబెట్టడానికి వాక్యూమ్‌లో 450 డిగ్రీలు పెట్టకండి. కాపర్ తనంతట తానే రెండు చార్జీల నుంచి ఒక చార్జీకి దిగిపోవడం మొదలుపెడుతుంది, దానికి ఇష్టమైన చోట్లు వేరు. మీరు ఒక అయాన్ కోసం వెతుకుతూ ఇంకోదాన్ని కొలుస్తారు. పొడి ఆక్సిజన్ ప్రవాహంలో, నిమిషానికి ఒకటి రెండు డిగ్రీల చొప్పున పైకి తీసుకెళ్లండి. త్వరగా వేడి చేస్తే సొంత ఆవిరిలోనే ఉడికి ఫ్రేమ్‌వర్క్ దెబ్బతింటుంది. నీళ్లు పోయే వరకు ఓపిక పట్టాలి, ఆకలేసినప్పుడు అన్నం పొయ్యి మీద పెట్టి మూత తీసి చూస్తున్నట్టు చూడకండి.

రిఫరీకి ఏం రాయాలి? కొత్త ప్రయోగం చేసే వీలు లేకపోతే ఇలా దిగి రాయండి: "ఐసీపీ ప్రకారం యూనిట్ సెల్‌కి సుమారు 22 కాపర్ అయాన్లున్నాయి. గాలి తగిలిన స్థితిలో ఇవి ఎక్కువగా సూపర్‌కేజ్‌లో నీటితో కలిసి ఉంటాయని భావిస్తున్నాం. డీహైడ్రేట్ చేసినప్పుడు వాటి స్థానాలను ఈ పనిలో నిర్ధారించలేదు." ఇలా రాస్తే పరువు పోదు. పోయేది, ఆధారం లేకుండా సూపర్‌కేజ్ అని మళ్లీ బల్లగుద్దితే. నెల టైమ్ ఉంటే మాత్రం సీల్ చేసిన కేపిలరీతో రీట్‌వెల్డ్ చేయండి. సైట్ 1′లో కాపర్, సైట్ 2లో సోడియం పెట్టి మొదలుపెట్టండి, సైట్ 2′లో కాస్త ఆక్సిజన్‌కి చోటివ్వండి, చివర్లో 32 కూడిక సరిచూసుకోండి. మొత్తం కాపర్ 22కి దగ్గరగా రాకపోతే మిగతాది సూపర్‌కేజ్‌లో చెల్లాచెదురుగా ఉందో, ఆక్సైడ్‌గా ఉందో వెతకాలి.

కేపిలరీ మూతిని మైనంతో మూయకండి, గాజునే కరిగించండి, ఎవరైనా గ్లాస్‌బ్లోయర్‌ని బతిమాలుకోండి. సీల్ చేశాక ఒకసారి, వారం ఆగి మళ్లీ ఒకసారి స్కాన్ చేయండి. రెండు స్కాన్లలో 220, 311 పీకుల నిష్పత్తి మారిందంటే సీలు కారుతోంది. ఆ డేటాతో రీట్‌వెల్డ్ మొదలుపెట్టకండి, కొత్త కేపిలరీ తీసుకోండి.